శివారు ఆట

ముక్కనుమ నాటి సాయంత్రం సంక్రాంతి టోర్నీ కప్పు ఇచ్చేస్తారు. షామియానా వాళ్లు వచ్చి గుడ్డలు విప్పుకుపోతారు. మైకు సెట్టు ఆటో ఎక్కుతుంది. నెట్టు మడతపెట్టి ఎవరింటి అటక మీదికో చేరుస్తారు. వాలీబాల్ కోర్టులో రెండు ఇనప గొట్టాలు మాత్రం నిలబడి ఉంటాయి. సున్నంతో గీసిన గీతలు మంచుకు తడిసి పదిరోజుల్లో చెరిగిపోతాయి. ఆ తరువాత ఏడాది పొడవునా ఆ గొట్టాలకు గేదెలను కడతారు, బట్టలారేసుకునే తాడు కడతారు, ఎన్నికలు వస్తే జెండాలు కడతారు. కొవ్వూరు చుట్టుపక్కల చాలా ఊళ్లలో మళ్లీ భోగి దగ్గరపడేదాకా వాటికి నెట్టు కట్టే చెయ్యి ఉండదు.

ఇందులో కుర్రాళ్ల తప్పు ఏమీ లేదు. ఆ మూడు నాలుగు రోజుల కోసం వాళ్లు పడే తపన చూస్తే ముచ్చటేస్తుంది. నెలముందు నుంచి చందాలు పోగుచేస్తారు. హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న వాళ్లు సెలవు పెట్టుకుని మరీ వచ్చి సొంత ఊరి జట్టులో నిలబడతారు. పొరుగూరితో ఫైనల్ పడిందంటే అమ్మమ్మలు కూడా కుర్చీ తెచ్చుకుని గీత పక్కన కూర్చుంటారు. ఊరి పేరు పెట్టుకుని ఆడే ఆటకు ఉన్న బలం అది. అయితే ఆ బలమంతా ఒక్క పండగకే ఖర్చయిపోతోంది. గోదావరి గట్టున బతికేవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. పుష్కరం పన్నెండేళ్లకోసారి వస్తుంది. 2015లో వచ్చింది, 2027లో మళ్లీ వస్తుంది. ఆ పన్నెండు రోజులూ మన గోష్పాద క్షేత్రంలో కాలు మోపే చోటుండదు. కానీ డెల్టాలో వరి పండించేది ఏ సందడీ లేకుండా రోజూ కాలువలో పారే నీరు. మన ఆటలకు పుష్కరాలున్నాయి, రోజూ పారే నీరే కరువైంది.

ఆట అలా పారే చోటు ఎలా ఉంటుందో చూడాలంటే ఇంగ్లండ్ ఈశాన్య మూలకు, డర్హమ్ బొగ్గు సీమకు వెళ్లాలి. మన కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట ముగించిన 1852కు పదకొండేళ్ల తరువాత, 1863లో, లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడి ఆటకు నియమాలు రాసింది. 1888లో పన్నెండు క్లబ్బులు కలిసి ఫుట్‌బాల్ లీగ్ పెట్టుకున్నాయి. మరుసటి ఏడాదే, 1889లో, ఈశాన్య ప్రాంతపు ఊళ్లు తమకంటూ నార్తర్న్ లీగ్ పెట్టుకున్నాయి. ఇప్పటికీ నడుస్తున్న ఫుట్‌బాల్ లీగుల్లో వయసుకు అది ప్రపంచంలో రెండోది. అందులో ఆడుతూ వచ్చినవి మన పిల్లలు జెర్సీల మీద వేసుకు తిరిగే మాంచెస్టర్, లివర్‌పూల్ జట్లు కావు. బిషప్ ఆక్లండ్, క్రూక్ టౌన్, వెస్ట్ ఆక్లండ్ లాంటి చిన్న పట్నాలు, గని పల్లెలు.

ఇంగ్లండ్‌లో పై నాలుగు అంతస్తుల్లో 92 క్లబ్బులున్నాయి. టీవీలో మనం చూసేదీ, కోట్ల పౌండ్లు తిరిగేదీ అక్కడే. వాటికి వెలుపల ఉన్న ఆటనంతా కలిపి నాన్-లీగ్ అంటారు. మన డెల్టాలో దానికి చక్కని మాట ఉంది, శివారు. విజ్జేశ్వరం దగ్గర తలుపులెత్తి వదిలిన నీరు పశ్చిమ డెల్టా కాలువల్లో పడి, పాయలు పాయలుగా చీలి, నరసాపురం, మొగల్తూరు వైపు చివరి చేలకు చేరేసరికి ఎంత సన్నబడుతుందో శివారు రైతును అడిగితే చెబుతాడు. ఆట విషయంలోనూ కాలువ చివర ఉన్నవాళ్లు వీళ్లు. కానీ అక్కడ కాలువ ఎక్కడా తెగలేదు. శివారు మడి నుంచి తలకట్టు దాకా మెట్టు తరువాత మెట్టు ఉంది. ఏ మెట్టు మీదైనా మొదట నిలిచిన జట్టు పైకెక్కుతుంది, అడుగున మిగిలిన జట్టు కిందికి దిగుతుంది. ఒకప్పుడు పెద్ద లీగు గుమ్మం మూసే ఉండేది. లోపలి క్లబ్బులు ఓట్లు వేసి పిలిస్తేనే బయటి క్లబ్బుకు చోటు. 1987 నుంచి నాన్-లీగ్ పై మెట్టున గెలిచిన జట్టు నేరుగా లోపలికి నడిచి వెళ్లే వీలు కలిగింది. ఊరి చివర మైదానంలో ఆడే జట్టుకు కూడా లెక్క ప్రకారం పైదాకా దారి ఉంది.

ఆ దారిలో చివరిదాకా వెళ్లేవాళ్లు ఎంతమంది? చాలా తక్కువ. అయినా శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు అక్కడ ఆట మొదలవుతుంది. రెండు మూడు వందల మంది చూస్తారు, ఒక్కోసారి వంద మందే. గుమ్మం దగ్గర టికెట్టు చింపే పెద్దాయన ముప్ఫై ఏళ్లుగా అదే స్టూలు మీద కూర్చుంటాడు. టీ కాచేది ఒక ఆటగాడి తల్లి కావచ్చు. గడ్డి కోసేవారు, జెర్సీలు ఉతికేవారు, లక్కీ డ్రా చీటీలు అమ్మేవారు, అందరూ ఆ ఊరివాళ్లే, చాలామంది జీతం పుచ్చుకోనివాళ్లే. ఆడేవాళ్లలో తాపీ పనివారు, బడి పంతుళ్లు, డ్రైవర్లు ఉంటారు. వానకు మైదానం చెరువైతే ఆ రోజు ఆట మరో రోజుకు వేస్తారు. ఓడినా గెలిచినా వచ్చే శనివారం మళ్లీ ఆట ఉంటుంది. ఆ ఊళ్లో ఒంటరిగా మిగిలిన ముసలివాడికి కూడా వారంలో ఒకరోజు వెళ్లి నిలబడే చోటు, పేరు పెట్టి పలకరించే నలుగురు మనుషులు ఉంటారు.

శివారు అని చిన్నచూపు చూడటానికి లేదు. 1909లో ఇటలీలోని ట్యూరిన్‌లో సర్ థామస్ లిప్టన్ పేరిట దేశదేశాల జట్లకు పోటీ జరిగింది. ఇంగ్లండ్ తరఫున వెళ్లింది వెస్ట్ ఆక్లండ్, ఎక్కువమంది బొగ్గు గని కార్మికులే ఉన్న పల్లె జట్టు. పనికి నాగా పెట్టి, సొంత డబ్బు ఖర్చు పెట్టుకుని వెళ్లారు. స్విట్జర్లండ్ జట్టు వింటర్‌టూర్‌ను ఓడించి కప్పు పట్టుకొచ్చారు. 1911లో మళ్లీ వెళ్లి, అంతటి యువెంటస్‌ను 6–1తో ఓడించి కప్పును సొంతం చేసుకున్నారు. కానీ ఆ ప్రయాణాలతో క్లబ్బు అప్పులపాలైంది. ప్రపంచాన్ని గెలిచి తెచ్చిన కప్పును నలభై పౌండ్లకు ఒక హోటలు యజమానురాలి దగ్గర తాకట్టు పెట్టాల్సి వచ్చింది. దాదాపు అర్ధ శతాబ్దం అది అక్కడే ఉండిపోయింది. 1960లో ఊరు వంద పౌండ్లు పోగుచేసి విడిపించుకుంది. 1994లో దాన్ని దొంగలు ఎత్తుకుపోతే, ఊరు అచ్చు అలాంటిదే మరొకటి చేయించి పెట్టుకుంది. తాకట్టు విడిపించుకున్న నగను మన ఇళ్లలో ఎంత అపురూపంగా చూసుకుంటారో తెలిసినవాళ్లకు ఆ ఊరి మనసు అర్థమవుతుంది.

1954లో జీతం తీసుకోకుండా ఆడేవారి కోసం నడిపే అమెచ్యూర్ కప్పు ఫైనల్‌కు నార్తర్న్ లీగ్ జట్లే రెండూ చేరాయి. బిషప్ ఆక్లండ్ ఒకటి, క్రూక్ టౌన్ మరొకటి. ఆ రెండు ఊళ్ల మధ్య కొవ్వూరుకూ నిడదవోలుకూ ఉన్నంత దూరం కూడా లేదు. లండన్ వెంబ్లీ మైదానంలో లక్ష మంది ఆ ఆట చూశారు. 2–2తో సమమైంది. రెండోసారి ఆడితే మళ్లీ 2–2. మూడోసారి ఒక్క గోలుతో క్రూక్ టౌన్ గెలిచింది. బిషప్ ఆక్లండ్ మాత్రం తక్కువదా? ఆ కప్పును పదిసార్లు గెలిచిన ఊరు అది. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదంలో మాంచెస్టర్ యునైటెడ్ జట్టు చితికిపోయినప్పుడు, ముగ్గురు ఆటగాళ్లను పంపి ఆ మహా క్లబ్బుకు అండగా నిలిచింది ఈ చిన్న ఊరి జట్టే. వారిలో బడి పంతులు వారెన్ బ్రాడ్లీ మరుసటి ఏడాదికే ఇంగ్లండ్ జాతీయ జట్టుకు ఆడారు. చెరువు ఎండినప్పుడు ఊరి బావి ఆదుకున్నట్టయింది.

ఆ సీమలో ఇప్పుడు బొగ్గు లేదు. డర్హమ్ బొగ్గు క్షేత్రంలో మిగిలిన చివరి లోతు గని మంక్‌వేర్‌మౌత్ 1993లో మూతపడింది. గనుల కోసమే పుట్టిన ఊళ్లకు గనులు పోయాక మిగిలింది ఏమిటి? కొన్ని ఇళ్లు, ఒక చర్చి, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. ఈసింగ్టన్ కాలియరీ అన్న ఊరి పేరులోనే బొగ్గు గని ఉంది. గని మూసేశారు, ఆ పేరు పెట్టుకున్న జట్టు మాత్రం ఆడుతూనే ఉంది. పని పోయినచోట కూడా ఊరు ఊరుగా నిలవడానికి వారానికో ఆట ఎంత ఆధారమో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. మన పల్లెల నుంచి చదువుకున్న పిల్లలంతా వెళ్లిపోతున్నారని బాధపడే మనకు ఇది పట్టించుకోదగ్గ సంగతి.

మెట్లు తెగకుండా ఉంటే ఏం జరుగుతుందో చెప్పడానికి జేమీ వార్డీ కథ చాలు. పొట్టిగా ఉన్నావంటూ షెఫీల్డ్‌లో పెద్ద క్లబ్బు పదహారేళ్ల వయసులో పంపించేసిన కుర్రాడు. దగ్గర్లోని ఉక్కు పట్నం జట్టు స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్‌లో చేరాడు. వారానికి ముప్ఫై పౌండ్లు ఇచ్చేవారు. పగలు కార్ఖానాలో విరిగిన ఎముకలకు కట్టే పట్టీలు తయారుచేసేవాడు. అక్కడి నుంచి హాలిఫాక్స్, ఫ్లీట్‌వుడ్ మెట్లెక్కి 2012లో లెస్టర్ సిటీకి చేరాడు. 2015లో వరసగా పదకొండు ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లలో గోల్స్ చేసి రికార్డు రాశాడు, 2016లో ఆ లీగ్ విజేత జట్టులో నిలిచాడు. పదహారేళ్లకు తలుపు మూసుకున్నవాడికి పాతికేళ్లు దాటాక మళ్లీ తలుపు తెరుచుకుంది. ఆ మధ్యలో అతణ్ని ఆటలో నిలబెట్టింది శివారు లీగు. మన దగ్గర పదహారేళ్లకు అండర్-17 జట్టులో చోటు దొరకని పిల్లవాడు మరి ఎక్కడ ఆడతాడు?

పై మెట్టు వాళ్లు శివారుకు వచ్చే రోజులు కూడా అక్కడ ఉన్నాయి. 1871లో మొదలైన ఎఫ్ఏ కప్పులో ఏటా ఏడు వందలకు పైగా క్లబ్బులు ఆడతాయి. 2021 జనవరిలో ఎనిమిదో అంతస్తు జట్టు మెరీన్ మీద ఆడటానికి పై అంతస్తు జట్టు టోటెన్‌హామ్ హాట్‌స్పర్ వచ్చింది. రెండు జట్ల మధ్య అంతరం 161 స్థానాలు. కరోనా వల్ల మైదానంలోకి ఎవరినీ రానివ్వలేదు. పక్కిళ్ల వాళ్లు పెరటి గోడల మీదుగా చూశారు. లోపలికి వెళ్లే వీలులేని టికెట్లని తెలిసి కూడా ముప్ఫై వేల మందికి పైగా పది పౌండ్ల చొప్పున కొన్నారు, ఆ క్లబ్బు బతకాలని. మెరీన్ 5–0తో ఓడిపోయింది. ఆ ఓటమిని ఆ ఊరు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది.

ఇలాంటిది మన తెలుగు నేల మీద లేదనుకోనక్కర్లేదు. హైదరాబాదులో ఉండేది. 1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడి పంతులు. రహీం సాబ్ అని ఊరంతా పిలుచుకునేవారు. హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దారు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. అదే రహీం శిక్షణలో 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు.

ఆ పెద్ద విజయాల కింద ఆయన వేసిన పునాది గురించి మనం చెప్పుకునేది తక్కువ. రహీం కుర్రాళ్ల కోసం రకరకాల పోటీలు పెట్టేవారు. ఒకదానిలో బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ తీసుకెళ్లకూడదు, వెంటనే తోటివాడికి అందించాల్సిందే. ఇంకొకదానిలో అలవాటులేని కాలితోనే తన్నాలి. ఎత్తును బట్టి పిల్లలకు వేరుగా మరొకటి. బక్కపలచని పిల్లవాడు పెద్దవాళ్ల మధ్య నలిగిపోకుండా, తన ఈడువాళ్లతో తన ఆట తాను ఆడేలా చూసిన గురువు ఆయన. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ స్థానిక మైదానాల నుంచి లేచి రెండు ఒలింపిక్స్ ఆడారు. 1956–57, 1957–58లో హైదరాబాదు, 1965–66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీని గెలిచాయంటే ఆ గల్లీ మైదానాలే కారణం.

ఆ తరువాత సంతోష్ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు. 2024 చివరి రోజున ఆ ఫైనల్ హైదరాబాదులోనే జరిగింది, ఆడింది మాత్రం బెంగాల్, కేరళ. నడుమ ఏమైందంటే, ఒక్కొక్క మెట్టూ ఊడిపోయింది. ఆడుకునే మైదానాలు కుంచించుకుపోయాయి. ఆట చూసి ఉద్యోగమిచ్చే సంస్థలు తగ్గిపోయాయి. మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోయారు. వెళ్లడం తప్పు కాదు, వెళ్లినవారి చోట మరొకర్ని తయారుచేసే మెట్టు లేకపోవడమే నష్టం. ఆట కింది నుంచి ఎండుతూ వచ్చి పైన కొమ్మ రాలేదాకా మనం గమనించలేదు.

అప్పుడు పై నుంచి నాటే ప్రయత్నం జరిగింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచి తెలుగువాళ్లను మురిపించింది. మూడున్నరేళ్లు తిరిగేసరికి, 2025లో, ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఎవరి తప్పొప్పులు ఏమైనా, పసుపు జెర్సీ వేసుకుని గచ్చిబౌలికి వెళ్లిన పిల్లలకు మిగిలింది వెలితే. కొనగలిగిన జట్టును తరలించుకుపోవడమూ కుదురుతుంది.

ఇంగ్లండ్‌లోనూ ఇదే జరిగింది. లండన్‌లోని వింబుల్డన్ క్లబ్బును తొంభై కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు వారాల్లోనే తమ సొంత క్లబ్బు పెట్టుకున్నారు. ఊరి పచ్చిక బయల్లో, ఆడగలనన్నవాడినల్లా రమ్మని పిలిచి జట్టు కూర్చుకున్నారు. కంబైన్డ్ కౌంటీస్ లీగ్ అనే ప్రాంతీయ లీగులో, తొమ్మిదో అంతస్తులో మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లకు, 2011లో, పెద్ద లీగులో అడుగుపెట్టారు. 2020లో సొంత వీధిలో సొంత మైదానం కట్టుకున్నారు. ఆ క్లబ్బు యజమానులు ఆ ఊరి జనమే. వాళ్లకు మళ్లీ మొదలుపెట్టడానికి అడుగున ఒక మెట్టు ఉంది, అందుకే లేచారు. హైదరాబాదు అభిమానికి అలాంటి మెట్టు ఎక్కడ ఉంది?

మెట్టు కట్టవచ్చునని అనంతపురం చూపింది. స్పెయిన్ నుంచి వచ్చి 1969లో ఆ కరువు నేల మీద స్థిరపడి, 2009లో అక్కడే కన్నుమూసిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన ఆర్‌డీటీ సంస్థ, పల్లె పిల్లల కోసం క్రీడా అకాడమీ నడిపింది. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగు లా లిగా చేయూతతో గ్రామాల పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, ఫుట్‌బాల్ లీగు ఆడించింది. వేరుశనగ చేల మధ్య పుట్టిన అమ్మాయి షూ లేసులు బిగించుకుని పొరుగూరి మీద ఆటకు వెళ్లడం ఆ జిల్లాకు కొత్త వింతగా మిగిలిపోలేదు, అలవాటైంది. వానలు లేని సీమలో అది సాధ్యమైతే, కాలువ నీళ్ల డెల్టాలో ఎందుకు సాధ్యం కాదు?

మనకు ఫుట్‌బాలే కావాలన్న పంతం లేదు. మనవాళ్ల కాళ్లకూ చేతులకూ తెలిసిన ఆటలు మనకున్నాయి. కబడ్డీ ఉంది, తాతల నాటి చెడుగుడు. వాలీబాల్ ఉంది, ఖోఖో ఉంది, ఇసుక నేల మీద బాల్ బ్యాడ్మింటన్ ఉంది. పిల్లల్ని తరగతి గది నుంచి బయటికి తెచ్చి ఆడించే పీఈటీ మాస్టార్లు ఉన్నారు. సాయంత్రం నాలుగున్నర తరువాత ఖాళీగా ఉండే హైస్కూలు మైదానాలున్నాయి. అమెరికా నుంచి ఊరికి ఏదైనా చేద్దామని అడిగేవాళ్లున్నారు. లేనిదల్లా వచ్చే ఆదివారం ఎవరితో ఆడాలో చెప్పే ఒక కాగితం.

ఆ కాగితం ఎంతటిదో లెక్క వేసి చూద్దాం. కొవ్వూరు, కుమారదేవం, ఆరికిరేవుల, వాడపల్లి, దొమ్మేరు, పశివేదల, వేములూరు, మద్దూరు. ఈ ఎనిమిది ఊళ్లూ ఒకదానితో ఒకటి రెండుసార్లు, ఒకసారి ఇంట, ఒకసారి పొరుగున ఆడితే పద్నాలుగు వారాలు పడుతుంది. మొత్తం 56 ఆటలు, ఆదివారానికి నాలుగు. సైకిలు మీదో, మోటారు సైకిలు మీదో వెళ్లిరాగల దూరాలే. దసరా ముందో వెనకో మొదలుపెడితే సంక్రాంతికి ముగుస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను పట్టిందంటే ఆ వారం ఆట మరో వారానికి జరుగుతుంది, ఇంగ్లండ్‌లో వానకు జరిగినట్టే. సార్వా కోతల్లో ఒక ఆదివారం వదిలేయవచ్చు. అలా జరిగిన నాడు సంక్రాంతి టోర్నీ ఎక్కడి నుంచో ఊడిపడినట్టుండదు. పద్నాలుగు వారాల పంట ఇంటికి వచ్చే రోజవుతుంది. పంట పండించకుండా కుప్ప నూర్చలేం కదా.

ఇది మొదలుపెట్టేటప్పుడు ఇంగ్లండ్ చేసిన ఒక పాపం మనం చేయకుండా ఉండాలి. అక్కడ 1920లో ఆడవాళ్ల ఫుట్‌బాల్ చూడటానికి ఒకే మైదానానికి యాభై వేలమందికి పైగా వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబరులో ఫుట్‌బాల్ అసోసియేషన్ తమ క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లను ఆడనివ్వకూడదని నిషేధం పెట్టింది. అది తొలగడానికి సుమారు యాభై ఏళ్లు పట్టింది. రెండు తరాల ఆట మట్టిలో కలిసిపోయింది. మన ఊళ్లలో హైస్కూలులో ఖోఖో పరుగులో అందరినీ మించిన అమ్మాయికి పదో తరగతి తరువాత మైదానమే లేకుండా పోతోంది. ఎనిమిది ఊళ్ల లీగు అంటే పదహారు జట్లని మొదటి రోజే రాసుకోవాలి.

చందాలు పండగకు ఇచ్చినట్టు ప్రతి వారానికీ ఎవరిస్తారని ఎవరైనా అడగవచ్చు. షామియానా, ఫ్లడ్‌లైట్లు, నగదు బహుమతులు లేని ఆటకు అయ్యే ఖర్చు రెండు బంతులు, ఒక ఈల, ఇంత సున్నం, కుండ నిండా మంచినీళ్లు. కావాల్సింది డబ్బుకన్నా మనిషి. ప్రతి ఊళ్లోనూ ఒకాయన, ఒకావిడ, వానొచ్చినా ఎండొచ్చినా ఆదివారం మూడింటికి మైదానంలో ఉండేవారు. అంపైర్ ఇచ్చిన తీర్పు మీద గొడవ వస్తే ఇరువైపులా సర్దిచెప్పి ఆట నడిపించేవారు. నార్తర్న్ లీగు నూట ముప్ఫై ఏళ్లకు పైగా నిలిచింది ఏ మహారాజు దానం వల్లా కాదు, పేరు తెలియని అలాంటి వేలమంది ఆదరణ వల్ల.

కుమారదేవంలో గోదావరి ఒడ్డున నిలిచిన నిద్రగన్నేరు చెట్టు 2024 ఆగస్టులో కూలినప్పుడు మన జిల్లా అంతా తల్లడిల్లింది. నూటయాభై ఏళ్ల చెట్టు, ఎన్నో సినిమాలకు నీడనిచ్చిన చెట్టు. అది నిలబడినన్నాళ్లూ దాని కిందుగా వెళ్లినవాళ్లు ఒక్క క్షణమైనా తలెత్తి చూశారో లేదో కానీ, పడిపోయాక మాత్రం జనం బారులు తీరారు. మొదలు బతికించుకోవడానికి ప్రయత్నాలు జరిగాయి. ఊరి ఆట కూడా అలాంటి చెట్టే. అది కూలినప్పుడు చప్పుడు రాదు, అంతే తేడా. ఒక ఏడాది చందా తగ్గుతుంది, మరుసటి ఏడాది జట్టు కుదరదు, ఆ పై ఏడాది మైదానంలో ఏదో భవనం లేస్తుంది. ఎవరూ చూడటానికి రారు.

అందరూ జేమీ వార్డీలు కారు. ఎనిమిది ఊళ్లలో ఆడే వందమందిలో ఒక్కరు కూడా రాష్ట్ర జట్టు దాకా వెళ్లకపోవచ్చు. ఆట విలువ ఆ ఒక్కరితోనే తూచకూడదు. పెయింటు పనికి వెళ్లే కుర్రాడికి వారంలో ఒక పూట తన పేరు పదిమంది నోట వినపడితే, అతని మిగతా ఆరు రోజులూ మారతాయి. ఓడిపోయిన జట్టు మరుసటి ఆదివారం మళ్లీ ఆడాల్సి ఉంటే, ఓటమిని మోయడం నేర్చుకుంటుంది. పండగ టోర్నీలో మొదటి ఆటలోనే ఓడినవాడు ఏడాదంతా ఆ ఓటమితోనే ఉండిపోతున్నాడు. దొమ్మేరు కుర్రాడు పద్నాలుగు వారాల్లో ఏడుసార్లు పొరుగూళ్లకు వెళ్లి, అక్కడి అరుగుల మీద కూర్చుని, అక్కడి నీళ్లు తాగి వస్తే, ఆ ఊళ్లు అతనికి బోర్డు మీది పేర్లుగా మిగిలిపోవు.

ఆనకట్ట కట్టిన రోజుల్లో దాని విలువను తలకట్టు దగ్గర ఎవరూ లెక్కించలేదు. చివరి మడిలో వరి పొట్టకు వచ్చినప్పుడే లెక్క తేలింది. మన ఆటల విధానాలూ, అకాడమీలూ, పతకాల లెక్కలూ తలకట్టు దగ్గర ఎంత ఘనంగా ఉన్నా, ఒక మామూలు ఆదివారం మధ్యాహ్నం శివారు ఊళ్లో ఏం జరుగుతోందో వెళ్లి చూడాలి. పండగ కాదు, సెలవుల సందడి కాదు, ఎవరూ ఫొటోలు తీయని రోజు. ఒక కుర్రాడు గేదెను విప్పి చెట్టు కింద కట్టి, ఆ రెండు ఇనప గొట్టాల మధ్య నెట్టు బిగించుకుంటూ ఉంటే, రోడ్డు మీద వాడపల్లి వాళ్ల మోటారు సైకిళ్లు మలుపు తిరుగుతూ ఉంటే, మనకూ నీరందినట్టే.